ఇరవైయొకటవ ప్రశ్న: మనోవ్యాధి, సత్యనిష్ఠ, సెక్యూరిటీ క్లియరెన్సు

వాషింగ్టన్ నగరానికి వాయవ్య దిశలో సుమారు 30 మైళ్ళ దూరాన ఉన్న మన ఆష్‌బర్న్‌లో ఉద్యోగ ప్రకటనలు చదివేవారికి ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. అభ్యర్థికి సెక్యూరిటీ క్లియరెన్సు ఉండవలెను, లేదా దానిని పొందుటకు అర్హత ఉండవలెను అన్నదే ఆ వాక్యం. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. లాంగ్లీలో సి.ఐ.ఎ., షాంటిలీలో గూఢచార ఉపగ్రహాలను నడిపే ఎన్.ఆర్.ఓ. (దాని ఉనికినే ప్రభుత్వం 1992 వరకు బహిరంగంగా ఒప్పుకోలేదు), పొటోమాక్ నది ఒడ్డున పెంటగాన్. వీటికి పనిచేసే కాంట్రాక్టు కంపెనీలు ఈ చుట్టుపక్కలే వెలిశాయి. ఒకనాటి పాడిపొలాల్లో డేటా సెంటర్లు లేచాయి. 2022 నవంబరులో మెట్రో రైలు కూడా మన ఊరిదాకా వచ్చింది. వీసాలమీద వచ్చిన మనవారిలో ఎందరో పౌరసత్వం పొందారు. వారి పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇప్పుడు ఆ ప్రకటనలకే దరఖాస్తు పెట్టుకుంటున్నారు.

ఆ దరఖాస్తు వెనుక వచ్చే ఫారం పేరు ఎస్.ఎఫ్.86. అచ్చువేస్తే నూరు పేజీలకు పైబడుతుంది. నివాసాలు, ఉద్యోగాలు, విదేశాల్లోని బంధువులు ఇలా వరుసగా సాగి ఇరవైయొకటవ విభాగం దగ్గర మనస్సును గురించి అడుగుతుంది. (దీని స్థానంలో రావలసిన కొత్త ప్రశ్నావళి ఒకటి 2023లో ఆమోదం పొందినది గాని, మన చర్చకు సంబంధించిన సూత్రాలు అవే.) ఈ ఒక్క విభాగం గురించి మన ఇళ్ళల్లో వినిపించే మాట ఏమిటో పాఠకులకు తెలియనిది కాదు: "కౌన్సెలరు గడప తొక్కామా, క్లియరెన్సు పోయినట్లే." ఈ మాట నమ్మి నిద్ర పట్టని రాత్రులను సంవత్సరాల తరబడి మౌనంగా భరించినవారు నాకు తెలుసు. వైద్యుని వద్దకు వెళ్ళి, ఆ సంగతి దాచి, తర్వాత ఆ దాపరికాన్ని మోయలేక సతమతమైనవారూ తెలుసు. ఈ వ్యాసకర్త రసాయన శాస్త్రజ్ఞుడు. మనోవైద్యుడు కాడు, న్యాయవాది అంతకంటే కాడు. అయినప్పటికీ ప్రచురితమైన నియమాలనూ, సంఖ్యలనూ ఒక చోట పెట్టి చూచినపుడు ఆ మాటలో ఎంత పాలు నిజమో తేల్చడం అంత కష్టం కాదు.

ఆ భయం గాలిలోంచి పుట్టినది కాదని ముందుగా ఒప్పుకోవాలి. 1953లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ జారీచేసిన 10450వ ఉత్తర్వు, ఉద్యోగి వివేచనకూ విశ్వసనీయతకూ గణనీయమైన లోపం కలిగించగల మానసిక స్థితిని పరిశీలించవలసిన అంశాల్లో ఒకటిగా పేర్కొన్నది. వైద్యుల అభిప్రాయాన్నీ, జబ్బు తాత్కాలికమా శాశ్వతమా అన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవాలని కూడా అదే వాక్యంలో ఉన్నది. కాని ఆచరణలో ఆ రెండవ సగం మరుగున పడింది. అదే ఉత్తర్వు లైంగిక ప్రవృత్తిని కూడా అనర్హతల్లో చేర్చింది. ఆనాటి అమెరికన్ మనోవైద్య సంఘం దృష్టిలో స్వలింగ ప్రవృత్తి మానసిక రోగమే. ఆ సంఘం ఆ అభిప్రాయాన్ని 1973లో గాని విడిచిపెట్టలేదు. హార్వర్డులో ఖగోళ శాస్త్రంలో డాక్టరేటు పొందిన ఫ్రాంక్ కామెనీని 1957లో సైనిక పటాల సంస్థ ఈ కారణంగానే ఉద్యోగం నుండి తొలగించింది. ఆ విధానంలోని తర్కం గమనించండి. నిజం చెప్పినవాని ఉద్యోగం తీసివేస్తారు. కనుక అందరూ దాస్తారు. దాచినవాడు బెదిరింపులకు లొంగగలడు కనుక వాడు ప్రమాదకారి అంటారు. రోగాన్ని తానే కలిగించి, ఆ రోగం ఉన్నదని రోగిని శిక్షించడం వంటిదిది. కామెనీకి ప్రభుత్వం 2009లో క్షమాపణ చెప్పింది. అప్పటికి 52 సంవత్సరాలు గడిచాయి.

మనోవ్యాధి విషయంలో కూడా చాలాకాలం ఇదే వలయం నడిచింది. 1995లో అధ్యక్షుడు క్లింటన్ జారీచేసిన 12968వ ఉత్తర్వు మొదటిసారిగా స్పష్టమైన మాట చెప్పింది: మానసిక సలహా పొందినంత మాత్రాన ప్రతికూల నిర్ణయానికి రాకూడదు, అటువంటి సలహా పొందడం అభ్యర్థికి అనుకూలాంశం కూడా కావచ్చును. ఉత్తర్వు అలా ఉండగా ఫారంలోని ప్రశ్న మాత్రం గత ఏడేళ్ళలో మనోవైద్య నిపుణులను సంప్రదించారా అని విస్తృతంగా అడుగుతూనే వచ్చింది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల నుండి తిరిగివచ్చిన సైనికులు ఈ ప్రశ్నకు జడిసి చికిత్సకు దూరమవుతున్నారని గ్రహించి, 2008 మే నెలలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఒక సవరణ ప్రకటించారు. యుద్ధానుభవం వల్ల పొందిన సలహాను ఇక చెప్పనక్కరలేదు. హింసతో సంబంధంలేని దాంపత్య, కుటుంబ, శోక సంబంధమైన సలహాను కూడా చెప్పనక్కరలేదు. 2013లో లైంగిక దాడికి గురైనవారికి అటువంటి మినహాయింపే లభించింది. 2016 నవంబరులో ప్రకటితమై మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చిన మార్పుతో ప్రశ్న స్వరూపమే మారిపోయింది.

ఇప్పుడు ఫారం అడిగేవి ఇవి. న్యాయస్థానం మిమ్మల్ని ఎప్పుడైనా మానసికంగా అసమర్థులని ప్రకటించినదా? న్యాయస్థానమో ప్రభుత్వ సంస్థో మనోవైద్యుని చూడమని ఆదేశించినదా? మనోవ్యాధి నిమిత్తం ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరారా? సైకోసిస్, స్కిజోఫ్రీనియా, స్కిజోఎఫెక్టివ్, భ్రాంతి రుగ్మత, బైపోలార్, బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత, సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత వంటి నిర్ణీత జాబితాలోని వ్యాధి ఏదైనా ఉన్నదని ఎప్పుడైనా నిర్ధారణ జరిగినదా? చివరగా, మీ వివేచననూ విశ్వసనీయతనూ గణనీయంగా దెబ్బతీసే స్థితి ఏదైనా ఉన్నదా? ఈ చివరి ప్రశ్న క్రింద ఉన్న వివరణను చాలామంది చదవకుండా దాటిపోతారు. చికిత్స అవసరమైన జబ్బు ఉన్నప్పటికీ, దానివల్ల మీ వివేచన గణనీయంగా దెబ్బతినకపోతే, 'లేదు' అనే సమాధానం చెప్పవలెనని ఫారమే చెబుతున్నది. అనగా సాధారణమైన దిగులుకూ ఆందోళనకూ ప్రసవానంతర విషాదానికీ వైద్యం పొంది, తన పని తాను చక్కగా చేసుకుంటున్న వ్యక్తి ఇక్కడ 'లేదు' అనడం అబద్ధం కాదు. అది ఫారం కోరిన నిజమే.

అయితే ఒక్క మాట. 'ఎప్పుడైనా' అంటే ఎప్పుడైనా అనే అర్థం. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో పదిరోజులు ఆస్పత్రిలో ఉండటం ఇక్కడివారికి ఎలా తెలుస్తుంది అనుకోరాదు. ఆస్పత్రి ఏ దేశంలో ఉండాలో ప్రశ్న చెప్పలేదు. మనలో ఇంకొక చిక్కు ఉన్నది. మన కుటుంబ వైద్యులు రోగి పరువు కాపాడటానికి "నరాల బలహీనత" అని చీటీ రాసి ఇచ్చేవారు. గాలి సోకిందనీ, దృష్టి తగిలిందనీ ఇంట్లో చెప్పుకునేవారు. ఆ పదిరోజులు దేనికోసమో రోగికి తెలిసినపుడు, చీటీమీద పేరు మారినంత మాత్రాన ఉన్నది లేనిది కాదు. మరొక వైపు, తండ్రికో అన్నకో ఉన్న జబ్బును తలచుకొని భయపడేవారికి ఊరట కలిగించే సంగతి: ఆ విభాగం మీ గురించి మాత్రమే అడుగుతుంది. వంశంలో ఎవరికేమున్నదో దానికి అక్కరలేదు. మన పెళ్ళిసంబంధాలవారు ఈ విషయంలో అమెరికా రక్షణ శాఖకన్నా కఠినులు.

ఇక సంఖ్యలు. క్లియరెన్సులు పరిశీలించే డి.సి.ఎస్.ఎ. అనే సంస్థ వెల్లడించిన లెక్కల ప్రకారం 2012 నుండి 2020 వరకు సుమారు 54 లక్షల నిర్ణయాలు జరిగాయి. వాటిలో దాదాపు 97,000 కేసుల్లో మానసిక సంబంధమైన అంశం ఏదో ఒకటి ఉన్నది. కేవలం మానసిక కారణం చేతనే క్లియరెన్సు నిరాకరింపబడినవి, లేదా రద్దయినవి, 62. భాగహారం చేస్తే ఇది 0.00115 శాతం. 97,000లో 62 అని లెక్కించినా దాదాపు పదిహేను వందల అరవైకి ఒకటి మాత్రమే. ప్రయోగశాలలో ఇంత స్వల్ప పరిమాణాన్ని గుర్తించడానికే మంచి పరికరం కావాలి. శాస్త్రజ్ఞునిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేర్చడం నా విధి. 'కేవలం' అన్న పదం ముఖ్యం. మానసిక స్థితితోబాటు మద్యం, అప్పులు, దాపరికం కలిసిన కేసులు ఈ 62లో లేవు. మధ్యలోనే విసిగి దరఖాస్తు వదులుకున్నవారూ లేరు. అయినా లక్షలలో 62 అన్నదానిని చూచి, కౌన్సెలరు గడప తొక్కితే అంతే అనేవారు ఏ లెక్కతో అంటున్నారో నాకు బోధపడదు.

మరి క్లియరెన్సులు దేనివల్ల పోతున్నాయి? 2017 జూన్ 8 నుండి అమలులో ఉన్న నాలుగవ భద్రతా నిర్దేశంలో ఎ నుండి ఎం వరకు పదమూడు సూత్రాలున్నవి. మానసిక స్థితి 'ఐ' సూత్రం. సత్యనిష్ఠతో కూడిన వ్యక్తిగత ప్రవర్తన 'ఇ' సూత్రం. ఆర్థిక విషయాలు 'ఎఫ్'. నిరాకరణలకు ముందువరుసలో నిలిచేవి అప్పులు, కట్టని పన్నులు. ఆ వెంటనే వచ్చేది 'ఇ'. కావాలని దాచడం, తప్పుగా రాయడం, వైద్య పరీక్షకు సహకరించకపోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. 'ఐ' సూత్రం క్రింద సులభంగా సమాధానం చెప్పుకోగలిగిన విషయం, దాచినందువల్ల 'ఇ' సూత్రం క్రిందికి మారినపుడు జవాబు లేనిదై కూర్చుంటుంది. జబ్బుకు మందున్నది, సంతకం పెట్టిన అబద్ధానికి మందు తక్కువ. ఫెడరల్ శిక్షాస్మృతి 1001వ సెక్షను ప్రకారం తెలిసి చేసిన అసత్య ప్రకటనకు అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చును కూడా.

అయితే ఆ మందు బొత్తిగా లేదని చెప్పను. దాచినవారు తమంతట తాముగా, ఎదుటివారు నిలదీయకముందే, వెంటనే సద్భావంతో సరిదిద్దుకుంటే దానిని అనుకూలంగా పరిగణించాలని అదే 'ఇ' సూత్రంలో రాసి ఉన్నది. ఇందులో 'ముందే' అన్న పదానికే విలువంతా. దర్యాప్తు అధికారి వచ్చి కూర్చుని, కాగితం తీసి, ఫలానా సంవత్సరం ఫలానా ఆస్పత్రి అని చదివిన తర్వాత గుర్తుకు వచ్చినట్లు చెప్పడం వేరు. ఆయన సంచీ తెరవకముందే, "అయ్యా, ఒక విషయం రాయలేదు" అనడం వేరు. కంపెనీలోని భద్రతాధికారికి ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేయడం మరీ మంచిది. రక్షణశాఖ వారి విచారణ న్యాయాధికారులు ఇచ్చిన తీర్పులు పేర్లు తొలగించి ప్రచురింపబడుతున్నవి. తీరికున్నవారు వాటిలో నాలుగైదు చదివితే ఈ రెండింటి మధ్యగల దూరం ఎంతో తెలుస్తుంది.

ఫారంలో 'అవును' అన్నవారి వైద్యుణ్ణి ఏమడుగుతారోనన్న జంకు కూడా ఉన్నది. సంతకం చేసే అనుమతి పత్రం ప్రకారం ప్రభుత్వం తరఫున వైద్యుణ్ణి మొదట అడిగేవి మూడే: ఈ వ్యక్తి వివేచనను, విశ్వసనీయతను, రహస్యాలు కాపాడే సామర్థ్యాన్ని దెబ్బతీయగల స్థితి ఉన్నదా, ఉంటే దాని స్వభావమేమి, ఇకముందు ఎట్లా ఉండవచ్చును. మొదటిదానికి లేదని జవాబు వస్తే మిగిలిన రెండింటితో పనిలేదు. మీ అత్తగారి గురించి మీరు కౌన్సెలరుతో చెప్పుకున్నవి అందులో రావు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. ఆవర్తన పట్టికలో మూడవ మూలకం లిథియం. 1949లో ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద రోగుల మూత్రంలో విషపదార్థమేదో ఉన్నదనుకొని, యూరిక్ ఆమ్లాన్ని సులభంగా కరిగే లవణంగా మార్చడం కోసం లిథియం యూరేటు తయారుచేశాడు. దానిని గినీపందులకిస్తే అవి మందగించి శాంతంగా పడి ఉన్నాయి. మహిమ యూరేటుది కాదు, లిథియానిదని తర్వాత గ్రహించి పదిమంది ఉన్మాద రోగులకిచ్చి చూచాడు. మొదటి ఊహ తప్పు, ఫలితం మాత్రం ఒప్పు. మా శాస్త్రంలో ఇటువంటివి అరుదు కాదు. అమెరికాలో ఈ మందుకు 1970లో అనుమతి లభించింది. నేటికీ బైపోలార్ వ్యాధికి అది ప్రధానమైన ఔషధాలలో ఒకటి. దీనిలో విశేషమేమంటే, రక్తంలో లీటరుకు 0.6 నుండి 1.2 మిల్లీమోళ్ళ మధ్య ఉంచవలెను. తగ్గితే గుణం లేదు, మించితే విషం. కనుక రోగి క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకుంటాడు. బైపోలార్ ఫారం జాబితాలో ఉన్న వ్యాధి, నిజమే. కాని 'ఐ' సూత్రమే చికిత్సకు లొంగే స్థితి, చికిత్సను నిరంతరంగా పాటించినట్లు నిదర్శనం, ఈ రెండూ ఉంటే అనుకూలంగా చూడమంటున్నది. ఏళ్ళ తరబడి వరుసగా ఉన్న లిథియం రక్తపరీక్షల కాగితాలకు మించిన నిదర్శనం నేను ఊహించలేను. ఒక మనిషి తన్ను తాను ఎంత క్రమశిక్షణతో చూసుకుంటున్నాడో దశాంశ స్థానాలతో సహా అందులో ఉన్నది. క్రెడిట్ కార్డు అప్పుల గురించి అంత స్పష్టమైన నిదర్శనం ఎందరు చూపగలరు?

సత్యనిష్ఠ ప్రశ్నకు శాస్త్రలోకంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఓపెన్‌హైమర్‌ది. అణుబాంబు నిర్మాణానికి నాయకత్వం వహించిన ఆయన యువకుడిగా కేంబ్రిడ్జిలో ఉన్న రోజుల్లో తీవ్రమైన మానసిక సంక్షోభానికి లోనై మనోవైద్యుల వద్దకు వెళ్ళాడని జీవితచరిత్రకారులు రాశారు. 1954లో ఆయన క్లియరెన్సుమీద విచారణ జరిగినపుడు తీర్పుకు ఆధారమైనది మాత్రం ఆ సంగతి కాదు. 1943లో, తన మిత్రుడు షెవాలియే ద్వారా వచ్చిన ఒక అనుచితమైన ప్రతిపాదన గురించి భద్రతాధికారులకు చెబుతూ ఆయన మిత్రుణ్ణి కాపాడటానికి కథ అల్లాడు. ఆ కథ ఒకసారి ఒక విధంగా, మరోసారి మరొక విధంగా మారింది. విచారణలో ఆయన అది కల్పన అని ఒప్పుకోవలసి వచ్చింది. ముగ్గురు సభ్యుల సంఘం ఆయన దేశభక్తిని శంకించకుండానే 2–1తో క్లియరెన్సు ఇవ్వరాదన్నది. వ్యతిరేకించిన ఆ ఒక్కరు వార్డ్ ఎవాన్స్ అనే రసాయన శాస్త్రాచార్యుడు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మా వర్గంవారికి కొంత గర్వం కలుగుతుంది. తర్వాత అణుశక్తి కమిషన్ జూన్ 29న 4–1తో తుది తీర్పు ఇచ్చింది; అక్కడ భిన్నాభిప్రాయం చెప్పిన స్మిత్ భౌతిక శాస్త్రజ్ఞుడు. ఆ విచారణలో రాజకీయమూ వ్యక్తిగత కక్షా ఎంత ఉన్నదో చరిత్రకారులు విప్పిచెప్పారు. ఆనాటి ప్రక్రియ లోపభూయిష్టమని 2022 డిసెంబరు 16న ఇంధన శాఖ మంత్రి జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ ఆ తీర్పును రద్దుచేశారు. కాని శత్రువుల చేతికి ఆయుధం అందించినది పదకొండేళ్ళనాటి ఆ అల్లిన కథే.

ఎదురుగా నిలిచే ఉదాహరణను కూడా చెప్పకపోతే ఈ వ్యాసం పక్షపాతమవుతుంది. మన ఊరి నుండి ఉత్తరంగా సుమారు గంట కారు ప్రయాణంలో మేరీల్యాండ్‌లోని ఫ్రెడరిక్ ఉన్నది. అక్కడి ఫోర్ట్ డెట్రిక్ సైనిక వైద్య పరిశోధనశాలలో బ్రూస్ ఐవిన్స్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు 1980 నుండి పనిచేశాడు. 2001 శరత్కాలంలో ఉత్తరాల ద్వారా వచ్చిన ఆంథ్రాక్స్ వల్ల అయిదుగురు మరణించారు, 17 మంది జబ్బుపడ్డారు. ఆ పని ఐవిన్స్‌దేనని ప్రభుత్వం నిర్ణయించింది. అభియోగం మోపకముందే 2008 జూలైలో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. కనుక న్యాయస్థానంలో నేరం రుజువు కాలేదు. శాస్త్రీయ సాక్ష్యం ఒక్కదానితోనే ఆ ఆంథ్రాక్స్ మూలాన్ని నిశ్చయంగా తేల్చలేమని జాతీయ పరిశోధన మండలి 2011లో చెప్పింది కూడా. అయితే ఆయన వైద్య పత్రాలను న్యాయస్థానం అనుమతితో పరిశీలించిన నిపుణుల సంఘం, ఆయనకు ఉద్యోగంలో చేరకముందు నుండీ తీవ్రమైన మానసిక చరిత్ర ఉన్నదనీ, అది తెలిసి ఉంటే క్లియరెన్సు లభించేది కాదనీ, ఆ సమాచారం వెతికితే దొరికేదేననీ నివేదించింది. కనుక ఆ ఇరవైయొకటవ విభాగాన్ని బొత్తిగా ఎత్తివేయమనే వాదన నాకు రుచించదు. అడగాలి. ఏది అడగాలన్నదే సమస్య.

ఈ సందర్భంలో అబద్ధాన్ని పట్టే యంత్రం ప్రసక్తి తప్పదు. కొన్ని సంస్థలు ఫారంతోబాటు పాలిగ్రాఫు పరీక్ష కూడా చేస్తాయి. ఊపిరి, రక్తపోటు, చెమట కొలిచే ఆ యంత్రం అబద్ధాన్ని కొలవదు, ఉద్వేగాన్ని కొలుస్తుంది. 2003లో జాతీయ పరిశోధన మండలి దీనిపై ఒక నివేదిక ప్రచురించింది. అందులోని లెక్క ప్రతి విద్యార్థికీ నేర్పదగినది. పదివేలమంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకుందాం. యంత్రానికి ఉన్నదానికంటే ఎక్కువ నైపుణ్యమే ఉన్నదనీ అనుకుందాం. పదిమందిలో ఎనిమిదిమందిని పట్టేటట్లు దాన్ని అమర్చితే మొత్తం 1,606 మంది పట్టుబడతారు. వారిలో 1,598 మంది నిర్దోషులు. నిర్దోషులను కాపాడటానికి పట్టు సడలిస్తే 41 మందే పట్టుబడతారు. వారిలో గూఢచారులు ఇద్దరు, మిగిలిన ఎనిమిదిమంది గూఢచారులు హాయిగా ఉత్తీర్ణులవుతారు. వెతికే వస్తువు అరుదైనపుడు ఎంత మంచి పరీక్షైనా ఇలాగే మోసం చేస్తుంది. సి.ఐ.ఎ. రహస్యాలను రష్యన్లకు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ పాలిగ్రాఫు పరీక్షలు దాటాడు. 1994 ఫిబ్రవరిలో గాని అరెస్టు కాలేదు. ఆయనను ఆ పనికి పురికొల్పినది డబ్బు.

ఇదే లెక్కను మనోవ్యాధికి వర్తింపజేసి చూడండి. ఈ దేశంలో ఏ సంవత్సరంలోనైనా వయోజనుల్లో అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని అంచనా. దేశద్రోహులు లక్షల్లో ఒకరు. అయిదింట ఒకరిని వేరుచేసే జల్లెడతో లక్షలో ఒకరిని పట్టబోవడం బంగారు రజను కోసం చెరువులోని నీరంతా తోడటమే. భారతదేశంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి అప్పటికి రుగ్మత ఉన్నదనీ, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ తేల్చింది. ఆ చికిత్స పొందనివారు మన లెక్కలో 'ఆరోగ్యవంతులు'. చికిత్సను బట్టి అనర్హతను నిర్ణయిస్తే వైద్యుని వద్దకు వెళ్ళిన వివేకి ఆగిపోతాడు, వెళ్ళని అవివేకి లోపలికి పోతాడు.

మనవారి సంగతి మరికొంచెం. హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నా, విశాఖలో చినవాల్తేరు అన్నా అవి ఊళ్ళోని పేటల పేర్లుగా వినబడవు. హాస్యానికీ తిట్టుకూ పనికివచ్చే మాటలై కూర్చున్నాయి. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. ఏ ఏ సందర్భాలలో బొంకవచ్చునో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక పట్టిక చెప్పినట్లు భాగవతంలో ఉన్నది. పెళ్ళి విషయం, ప్రాణవిత్తమానాల విషయం అందులో ఉన్నవి గాని, ప్రభుత్వానికి ప్రమాణపూర్వకంగా ఇచ్చే ఫారం అందులో లేదు. బలి ఆ సలహా తీసుకోలేదన్నది వేరే సంగతి. మనలో చదువుకున్నవారికి ఎక్కువగా నచ్చేది ధర్మరాజు పద్ధతి: అశ్వత్థామ చచ్చాడని గట్టిగా, ఏనుగన్న మాట మెల్లగా. ఫారంలో అడిగిన మాటలోని అక్షరాన్ని పట్టుకొని, భావాన్ని వదిలేసి సమాధానం రాయడం ఇటువంటిదే. దర్యాప్తు అధికారి మెల్లగా అన్న మాటను మళ్ళీ గట్టిగా చెప్పమంటాడు.

ఇక్కడ పుట్టిన పిల్లల సమస్య వేరు. వారు కౌన్సెలరు వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడరు. ఆ విషయం రాయాలా వద్దా అన్నప్పుడు అమ్మానాన్నల వైపు చూస్తారు. మనం దాచమంటాం. పరీక్షల ముందు స్నేహితుని దగ్గర తీసుకుని వేసుకున్న అడెరాల్ మాత్రను ఎవరికీ చెప్పవద్దంటాం. అది ఇరవైయొకటవ విభాగం కాదు, ఇరవైమూడవది. ఏకాగ్రత లోపానికి డాక్టరు రాసి ఇస్తే ఫరవాలేని మందే, ఒకరిది మరొకరు మింగితే దుర్వినియోగమవుతుంది. వర్జీనియా రాష్ట్రంలో 2021 జూలై నుండి పెద్దవారి వద్ద కొద్దిపాటి గంజాయి ఉండటం నేరం కాకపోయినా ఫారం ఫెడరల్ చట్టాన్నే కొలబద్దగా తీసుకుంటుంది. ఇరవైరెండేళ్ళ వయసులో చేసిన చిన్న తప్పును ఒప్పుకున్నవారికి కాలమే అనుకూలంగా పనిచేస్తుంది. తండ్రి సలహాపై దాచిన తప్పుకు ఆ సౌకర్యం లేదు. విజయవాడలోని ఇంటిస్థలం, ఊళ్ళోని బ్యాంకు ఖాతా, బంధువుల పేర్లు రాయడానికి వెనుకాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అవి ఉండటం తప్పు కాదు, అడిగినపుడు లేవనడం తప్పు.

మన ఆష్‌బర్న్‌లోనే పొటోమాక్ నది ఒడ్డున జనీలియా పరిశోధనా కేంద్రం ఉన్నది. 2006లో ప్రారంభమైన ఆ సంస్థలో మెదడులోని నాడీకణాల అల్లికను పటం గీస్తున్నారు. అక్కడ పనిచేస్తుండగా ఎరిక్ బెట్జిగ్ 2014లో నోబెల్ బహుమతి పొందారు, అదీ రసాయన శాస్త్రంలో. ఈగ మెదడులోని కణాల సంబంధాలను ఒక్కొక్కటిగా లెక్కించే దశకు వారు చేరుకున్నారు. కాని ఏ మనిషి నమ్మదగినవాడో చెప్పగల పటం అక్కడ కూడా లేదు. అందుచేతనే ప్రభుత్వం ఇప్పటికీ ఆ మనిషినే అడిగి, అతని జవాబు చుట్టుపక్కలవారి మాటలతో సరిపోయిందో లేదో చూసుకోవలసి వస్తున్నది.

ఈ వ్యాసం చదివేవారిలో ఎవరికైనా ఈ రాత్రే మనస్సు మరీ భారంగా ఉంటే, 2022 జూలై నుండి దేశమంతటా పనిచేస్తున్న 988 నంబరు ఉన్నది. దానికి ఫోను చేశారా అని ఎస్.ఎఫ్.86లోని ఏ విభాగమూ అడగదు.